తెల్ల రుమాలు

“ఒక్కదానివేనా?”

నల్లటోపీ మనిషి అలా అడగడం ఇది మూడోసారి. సైకాల్ కిటికీ వైపు తిరిగింది. కరకోల్ పట్నంలో కిక్కిరిసి బయల్దేరిన మినీబస్సు ఊరూరా ఖాళీ అవుతూ వచ్చింది. ఇప్పుడు డ్రైవరు, ఆ టోపీవాడు, పక్క సీట్లో పిండి బస్తాతో ఒక అవ్వ, తను. అంతే.

“ఎక్కడికి తల్లీ?” అంది అవ్వ.

“మంచుకొండ చూడ్డానికవ్వా. చిన్నప్పట్నుంచీ మా కిటికీలోంచి చూడ్డమే. సోమవారం బిష్కెక్ వెళ్లి డాక్టరు చదువులో చేరాలి. మళ్లీ ఎప్పుడొస్తానో!”

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. “ఈ లోయకి ఒంటరిగా రాకూడదమ్మా. పోయినేడు ఇలాగే ఓ పిల్లని ఎత్తుకెళ్లి, పరదా వెనక కూర్చోబెట్టి, తలకి తెల్ల రుమాలు కట్టేశారు. పెళ్లయిపోయినట్టే. తండ్రొచ్చి, ‘రాయి పడ్డచోటే ఉండాలి’ అనేసి వెళ్లిపోయాడు.”

తన తండ్రి కూడా అదే అంటాడు. సైకాల్ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. టోపీవాడు నవ్వుతూ లేచి, సరిగ్గా ఆమె ముందు సీట్లోకి వచ్చాడు.

“ఏరా, కళ్లు నెత్తికెక్కాయా? అది నా కోడలు!” కసిరింది అవ్వ. వాడు వెనక్కి పోయాడు.

అవ్వ సంచిలోంచి తెల్ల రుమాలు తీసింది. “కట్టుకో తల్లీ. పెళ్లైన పిల్లనుకుని ఎవడూ జోలికి రాడు. రాత్రికి మా ఇంట్లో పడుకుని, పొద్దున్నే కొండ చూసుకుని బస్సెక్కుదువు.”

సైకాల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. రుమాలు తనే కట్టుకుంది. అవ్వ ఫోన్లో, “అతిథి వస్తోంది, పొయ్యి రాజెయ్యండి,” అని చెప్పింది. తర్వాతి మలుపులో సిగ్నల్ పోయింది.

వంతెన దగ్గర టోపీవాడు దిగి అడ్డదారిన పోయాడు.

“గండం గడిచింది,” అంది అవ్వ.

చివరి స్టాపులో దిగేసరికి ఎదురుగా కొండ. లోయ నిండా నీలిమంచు, నోళ్లు తెరిచిన పగుళ్లు. లోపలెక్కడో మంచు విరిగి ఉరిమినట్టయింది. ఇంత అందం చూస్తూ భయమెందుకేస్తోందో సైకాల్‌కి అర్థం కాలేదు. డ్రైవరు ఆమె తలమీది రుమాలు చూసి, చూపు తిప్పుకుని, బస్సు వెనక్కి మళ్లించాడు.

“ముందు రొట్టె తిందువు రా. మంచెక్కడికీ పోదు,” అంటూ అవ్వ చెయ్యి పట్టుకుంది. సైకాల్ ఆ చెయ్యి వదలకుండానే అవ్వ ఇంటి గుమ్మం దాటింది.

“అమ్మా, పరదా కట్టేశారు,” అంటూ లోపల్నుంచి టోపీవాడు ఎదురొచ్చాడు.