ఆ అరగంట ఎక్కడ పోతుంది?

“పదహారు వందల కిలోమీటర్లు. గంటకు ఎనిమిది వందల చొప్పున పోతే రెండు గంటలు. మరి మీ బోర్డు మీద రెండున్నరని ఎందుకుంది?”

విచారణ కౌంటరు అమ్మాయి తలెత్తింది. లారీ డ్రైవరు. గ్రీజు మరకల చొక్కా, మూడు రోజుల గడ్డం. అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు.

“రన్‌వే దాకా పోవాలి, పైకి లేవాలి, ఎదురుగాలి ఉంటుంది. దిగేచోట క్యూ ఉంటుంది బాబాయ్.”

“పైన కూడా ట్రాఫిక్కేనా? ఇరవై ఏళ్లు బండి తోలాను. నాకిచ్చుంటే ఆ అరగంట మిగిల్చేవాణ్ని.”

“తోలండి. లారీకి రెక్కలు నేను కట్టిస్తా.”

అతను నవ్వలేదు. “అందులో గుండె పోతోందమ్మా. మనిషి గుండె. ఐసు పెట్టెలో.”

అమ్మాయి పెన్ను కింద పెట్టింది. “మీవాళ్లెవరు?”

“మా పాప. తొమ్మిదేళ్లు.”

“దగ్గరెవరున్నారు?”

“వాళ్లమ్మ.”

నాలుగు గంటలే గడువన్నాడు డాక్టరు. ఆలోపు అవతలి డాక్టరు చేతిలో పడాలి. తీసింది రెండుంబావుకి. విమానం లేచింది మూడింటికి. దిగేది ఐదున్నరకి. అక్కణ్ణుంచి ఆస్పత్రికి ఇరవై నిమిషాలు. ఆరుంబావు దాటిందా, అది వట్టి మాంసం ముక్క.

మంత్రుల కోసం మూసే రోడ్డును ఇవాళ ఒక పెట్టె కోసం మూశారు. ఆ రోడ్డు పుట్టాక అంతకంటే పనికొచ్చే పని జరగలేదు.

అతను కూర్చోడు. బోర్డు దాకా పోతాడు, కౌంటరుకొస్తాడు. కాలుగాలిన పిల్లిలా ఒకటే తిరుగుడు. ఫోను మోగింది. భార్య.

“ఎంతదాకా పోయింది?”

“సగం దాటింది. పాప?”

“చెయ్యి పట్టుకునే కూర్చున్నా. చల్లగా ఉందయ్యా.”

“దుప్పటి కప్పు.”

ఐదున్నరైంది. బోర్డు మారలేదు. ఐదూ నలభై. మారలేదు.

“పైనే తిప్పుతున్నారు. కింద ఖాళీ లేదట,” అంది అమ్మాయి.

“ఒక్క బండిని పక్కకు తియ్యమను. మా పాప గుండె అని చెప్పు. ఎవడైనా కాదంటే ఫోను నాకివ్వు.”

అమ్మాయి అప్పటికే అవతలి ఊళ్లో తనలాంటి కౌంటరు మనిషితో మాట్లాడుతోంది. “అక్కా, ఎవరి కాళ్లు పట్టుకుంటావో నాకు తెలీదు. దాన్ని ముందు దించాలి.”

ఐదూ నలభై ఆరుకి దిగింది. ఆరూ ఐదుకి పెట్టె ఆస్పత్రి గుమ్మం దాటింది. పది నిమిషాలు మిగిలాయి. ఇక చేసేదేం లేదు. అతను మాత్రం తిరగడం మానలేదు. డ్యూటీ అయిపోయినా అమ్మాయి కదల్లేదు.

ఏడున్నరకి అతని ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి. విన్నాడు. గోడకి వీపు ఆనించాడు.

“కొట్టుకుంటోందంట.”

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. “చూశారా బాబాయ్. మీ పాప గట్టిది.”

“గట్టిదే,” అన్నాడతను.

లారీ తాళాలు జేబులోంచి తీశాడు. తెల్లవారుజాము నుంచీ అతని భార్యా, గుండె ఇచ్చేసి చల్లబడిపోయిన పాపా ఉన్న ఆస్పత్రి అక్కడికి పదకొండు కిలోమీటర్లే.