చుక్క ఉన్న ఫోల్డరు

“ఏమండీ, కొంప మునిగింది! మీ ఆట ఉందట, నన్ను లోపలికి రానివ్వదట!”

ఫోన్లో భార్య పెట్టిన కేకకి సెలూన్ కుర్చీలో ఉన్న భర్త ఉలిక్కిపడ్డాడు. గడ్డం సగమే గీసి ఉంది. మంగలి కత్తి గాల్లోనే ఆపేశాడు.

“ఎవరు రానివ్వంది?”

“ఇంటర్వ్యూ పేజీ! కంప్యూటర్లో ఆటల యాప్ ఉంది, పూర్తిగా తీసేస్తేనే ఇంటర్వ్యూ అని ఎర్రక్షరాల్లో చూపిస్తోంది. టైమైపోతోందండీ!”

ఆయన పనిచేసే కంపెనీ మూతపడ్డాక ఆ ఇంటికి మిగిలిన ఆశ ఆవిడకొచ్చిన ఈ ఇంటర్వ్యూ ఒక్కటే. ఫోన్ చేసిన కస్టమర్లకి కంప్యూటర్ కష్టాలు తీర్చే ఉద్యోగం. ఇదీ పోతే వచ్చే నెల ఇల్లు గడవదు. ఆ భయమే ఆవిడ నోట కేకలై వస్తోంది.

“అందరిలాంటి కంప్యూటర్ కొనండి మహాప్రభో అంటే విన్నారా? లైనక్సట లైనక్స్! దానికి తోడు ఆటొకటి!”

“నాదే తప్పు. ముందు టెర్మినల్ తెరువు, ఆ నల్ల తెర. నేను చెప్పినట్టు కొట్టు. రిమూవ్ కాదు, పర్జ్ అని కొట్టాలి. రిమూవ్ అంటే పైపైన తీసి ఊరుకుంటుంది.”

ఆవిడ ఫోన్ స్పీకర్లో పెట్టి, రెండు చేతులతో కొట్టింది. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది.

“ఒక్క అక్షరమూ పడట్లేదు! కీబోర్డు కూడా చచ్చింది!”

“చావలేదు. పాస్‌వర్డ్ తెర మీద కనిపించదంతే. కొట్టేసి ఎంటర్ నొక్కు.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! నోట్లో బెల్లం పెట్టుకున్నారా?”

“చెప్పాల్సింది. నొక్కావా?”

తెర మీద లైన్లు గబగబా పరిగెత్తి ఆగాయి. ఆవిడ ఇంటర్వ్యూ పేజీ మళ్లీ తెరిచింది. మళ్లీ అవే ఎర్రక్షరాలు.

“పోలేదు! మిమ్మల్ని అడిగాను చూడండి, నాకు బుద్ధి లేదు!”

“యాప్ పోయింది. దాని తాలూకు ఫోల్డరు మిగిలింది, అంతే. హోమ్ ఫోల్డరు తెరిచి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కు. దాక్కున్నవన్నీ బయటికొస్తాయి. వాటి పేరు ముందు చుక్క ఉంటుంది.”

“బాబోయ్, ఎన్ని చుక్కలో! అన్నీ పీకి పారేస్తున్నా!”

“ఆగాగు! మిగతావాటి జోలికెళ్లకు. ఆట పేరున్నది ఒక్కటే చూడు. కనబడిందా?”

కనబడింది. తీసేయబోయి ఆవిడ ఆగింది.

“మీరు ఆటలో కట్టిన ఊళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి కదా. అవీ పోతాయా?”

ఏళ్ల తరబడి ఒక్కో వీధీ, ఒక్కో వంతెనా పేర్చుకుంటూ కట్టిన ఊళ్లవి.

“పోనీలే, తీసెయ్. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసెయ్.”

ఆవిడ మనసు చివుక్కుమంది. అయినా తీసేసింది. ఈసారి పేజీలో ఎర్రక్షరాలు లేవు. చిన్న చక్రం ఒకటి తిరుగుతోంది.

“తిరుగుతూనే ఉందండీ! ఇది కూడా పోతే మన గతేంటి? అంతా మీవల్లే!”

“ఏం పోదు. కాసిన్ని మంచినీళ్లు తాగి కూర్చో.”

చక్రం ఆగింది. తెర మీద ఒక అధికారిణి ప్రత్యక్షమైంది. నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతోంది.

“ఆలస్యమైంది, క్షమించండి మేడమ్. మావారి ఆటొకటి...”

“తెలుసండీ. మీరు పేజీ తెరిచినప్పట్నుంచీ మైకు ఆన్‌లోనే ఉంది, మీ ఇద్దరి మాటలూ మాకు వినబడుతూనే ఉన్నాయి.”

ఉద్యోగం చేతికందకుండానే జారిపోయిందనుకుంది ఆవిడ.

“మా కస్టమర్లు కూడా అచ్చం మీలాగే తిడతారు,” అంది అధికారిణి. “ఎంత తిట్టినా విసుక్కోకుండా దారి చెప్పే మనిషి కోసమే మేం వెతుకుతున్నాం. మీవారు ఇంటికి రావడానికి ఎంతసేపు పడుతుంది?”