సాసర్లో చాయ్

నేను కొత్త ఎస్సైగా వచ్చినప్పుడు కొండాపూర్ వెనక ఈ అద్దాల మేడలు లేవు, బండరాళ్లే. వాటి నీడన బుచ్చన్న హోటల్. నేను చాయ్ సాసర్లో పోసుకుని, అందులో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినేవాణ్ని. "కాకినాడ సార్ గిట్లనే తాగుతడు," అని నవ్వేవాడు బుచ్చన్న. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

ఊరంతా భూములు అమ్ముదామంటే అతనొక్కడే సంతకం పెట్టనన్నాడు. తర్వాత కనబడకుండా పోయాడు. "బొంబాయి పోయిండు, వస్తడు," అని అందరిదీ ఒకే మాట.

ఇన్నేళ్లకు ఆ కేసు మళ్లీ నా చేతికొచ్చింది. చీకటి పడ్డాక అతని భార్య అంజమ్మను కలుద్దామని పాత ఊళ్లోకి నడిచాను. ఆ రోజు పెత్రమాస. పోయినవాళ్ల కోసం వాకిట్లో విస్తరి వేసి, వాళ్లకిష్టమైనవి పెట్టడం ఈ ఊరి ఆచారం. బతికున్నవాళ్లకు ఎవరూ వెయ్యరు.

అంజమ్మ వాకిట్లో విస్తరి ఉంది. పక్కన ఎర్రదారం బీడీకట్ట, బుచ్చన్న తాగే రకం. పక్కింటి ముందూ విస్తరి, అదే బీడీకట్ట. ఆ పై ఇంటి ముందూ అంతే.

ఊరందరికీ తెలుసన్నమాట.

గల్లీలో ఒక్క కుక్క కూడా మొరగలేదు. చివరి విస్తరి దగ్గర ఆగిపోయాను. అక్కడ బీడీలు లేవు. సాసర్లో పోసిన చాయ్, పక్కన ఉస్మానియా బిస్కెట్. చాయ్ ఇంకా పొగలు కక్కుతోంది.

వెనక తలుపులు తెరుచుకున్నాయి. అంజమ్మ గొంతు మెత్తగా వినబడింది.

"జర జల్ది వచ్చిండ్రు సార్. ఇప్పుడే ఏసినం."