మెయిన్ స్విచ్

"అక్కా, వాడే! నిన్నటి నుంచి నా వెనకే తిరుగుతున్నాడు."

డ్రైవరు గొంతు తగ్గించి చెప్పాడు.

అక్క బానెట్ కిందనుంచి తలెత్తి చూసింది. షెడ్డు గుమ్మంలో గళ్ళ చొక్కా మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. చూపంతా కారు నంబరు మీదే ఉంది.

ఆ షెడ్డు ఆమెదే. ఆమె కార్ల ఏసీలు బాగుచేస్తుంది. ఆ చివర మరిది వెల్డింగ్ పని చేస్తాడు. చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే.

"నిన్న సిగ్నల్ దగ్గర అద్దం దబదబా బాదాడక్కా. దింపితే ఇంకేమన్నా ఉందా, కారెత్తుకుపోడూ!"

"సరేలే, కంగారు పడకు. ఏసీ సంగతి చెప్పు."

"చల్లదనం రావట్లేదు. పాతదే అయినా ముచ్చటపడి నెల కిందటే కొన్నాను. రేపు మా ఆవిణ్ణీ పసిగుడ్డునీ ఆస్పత్రి నుంచి ఇందులోనే తీసుకురావాలి. ఈ ఎండకి ఎలా చెప్పు?"

అక్క కళ్ళద్దాలు పెట్టుకుంది. చేతులకు తొడుగులు వేసుకుంది. కారులోని పాత గ్యాస్‌ను బయటికి లాగే మిషన్‌ను దగ్గరికి జరిపి, దాని గొట్టాన్ని కారుకు బిగించింది.

"అమ్మా, ఆగండి!"

గళ్ళ చొక్కా మనిషి లోపలికి వచ్చేశాడు.

"ముందు ఆ వెల్డింగ్ ఆపించండి. ఈ కారులో ఉన్నది ఏసీ గ్యాస్ కాదు. వంటగ్యాస్."

డ్రైవరు పకపకా నవ్వాడు. "ఏం, బానెట్ మీద అన్నం వండుకోమంటావా?"

అక్క నవ్వలేదు. "నీకెలా తెలుసు?"

ఆ మనిషి పెదవులు కదిలాయి.

"అడిగేది నిన్నే. ఎలా తెలుసు?"

తల దించుకున్నాడు.

"చూశావా అక్కా, నోరు పెగలట్లేదు! దొంగ వెధవ!"

అక్కకూ చిరాకేసింది. మిషన్ బటన్ మీదికి చెయ్యి పోనిచ్చింది.

అంతే. ఆ మనిషి ఒక్క ఉదుటున గోడ దగ్గరికి ఉరికి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు.

షెడ్డంతా చీకటి కమ్మింది. వెల్డింగ్ వెలుగు ఠక్కున ఆగిపోయింది.

"ఎవడ్రా అది? నీ అబ్బ సొత్తా?" మరిది ముసుగు విసిరికొట్టి వచ్చాడు. వస్తూనే చెంప పగలగొట్టాడు. డ్రైవరు కూడా అతని కాలరు పట్టుకుని రెండు తగిలించాడు.

ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"ఎంతైనా కొట్టండి. స్విచ్ మాత్రం వెయ్యకండి."

ఇద్దరూ కలిసి ఈడ్చుకెళ్ళి రోడ్డు మీద పడేశారు. మరిది చేతులు దులుపుకుంటూ వచ్చి గోడవైపు నడిచాడు.

"స్విచ్ వేస్తున్నా వదినా."

"ఆగు, గొట్టం సరిగ్గా కూర్చోలేదు. తీసి బిగిస్తా."

గొట్టం ఊడింది. కారు వైపు తనంతట మూసుకోవాల్సిన వాల్వ్ మూసుకోలేదు. బుస్సుమని గ్యాస్ తన్నుకొచ్చింది.

ఒక్క క్షణం ఆమెకు ఇల్లు గుర్తొచ్చింది. పొద్దున్నే స్టవ్ తిప్పగానే వచ్చే వాసన.

వంటింటి వాసన.

"చెయ్యి తియ్యి!"

మరిది వేళ్ళు అప్పటికే స్విచ్ మీద ఉన్నాయి.

"ఏంటొదినా?"

"చెయ్యి తియ్యరా! దేన్నీ ముట్టుకోకు. ఫోన్ బయటికి తియ్యకు. ఎవరూ ఏదీ వెలిగించకండి."

మరిది ముక్కుకూ వాసన సోకింది. చెయ్యి మెల్లగా, పాము పడగ మీదనుంచి తీసినట్టు తీశాడు.

బుస ఆగడం లేదు. ఆ గ్యాస్ పైకి పోదు, నేలబారున పాకుతుందని అక్కకు తెలుసు. షెడ్డు ఆ చివర, మరిది సగంలో వదిలేసిన గేటు మీద అతుకు ఇంకా ఎర్రగా మెరుస్తోంది.

"తొయ్యండి! బయటికి తొయ్యండి!"

ముగ్గురూ ఊపిరి బిగబట్టి తోశారు. కారు గుమ్మం దగ్గర తట్టుకుంది. డ్రైవరు ఏడుపు గొంతుతో ఏదో దేవుణ్ణి తలుచుకున్నాడు. మరోసారి తోశారు. చక్రాలు గుమ్మం దాటాయి. ఖాళీ స్థలం మధ్యలోకి తీసుకెళ్ళి వదిలి, దూరంగా పరిగెత్తారు.

ఎండలో బుస సన్నబడింది. ఆగింది.



"మనం కొట్టాం వదినా," అన్నాడు మరిది.

అక్క రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆ మనిషి లేడు.

"ఇందాకే బస్సెక్కాడమ్మా," అంది ఎదురు కొట్టు ఆవిడ. "మొహం కడుక్కోమని నీళ్ళిచ్చా. మీ కారు బయటికొచ్చేదాకా కదల్లేదు. వచ్చాక ఇక్కడే కూలబడి కాసేపు ఏడ్చాడు."

డ్రైవరు తనకు కారు అమ్మినాయనకు ఫోన్ కలిపాడు. ముగ్గురికీ వినబడేలా పెట్టాడు.

"గళ్ళ చొక్కా ఆయనా? కిందటి వారం నా దగ్గరికీ వచ్చాడు. కారు నీకమ్మానని నేనే చెప్పాను. పాపం, చేతికందొచ్చిన కొడుకు పోయాడయ్యా ఆయనకి."

"ఎలా?"

"ఏసీ మెకానిక్కే ఆ కుర్రాడు. కొత్తగా ఓ షెడ్డులో చేరాడు. వచ్చిన కారులో ఎవరో చవగ్గా వంటగ్యాస్ పట్టి ఉంచారు. తెలియక విప్పాడు. అంటుకుంది."



"అలాంటి గ్యాస్ పట్టినవాడు నా చేతికి చిక్కాలి, చెబుతా!" మరిది పళ్ళు కొరికాడు.

ఫోన్‌లో గొంతు తగ్గింది.

"ఆ కారుకీ, నీ కారుకీ, ఇప్పుడు తను వెతుక్కుంటూ తిరుగుతున్న కార్లన్నిటికీ ఆ గ్యాస్ పట్టింది ఆయనేనయ్యా."