ఇంకో రవిక

"నోరు తెరవను" అంది మాలినవ్వ. "ఆ ఉమ్మి పుల్ల తీసుకెళ్లి మీ దేశంలోనే పెట్టుకో!"

నెబాహ్ కొండల్లో అప్పట్లో సైన్యం ఊళ్ల జనాన్ని చంపి పాతిపెట్టిన గొయ్యి తవ్వుతున్నారు. అందులో దొరికే ఎముకల్లో అవ్వ కూతురు కతల్‌వి ఏవో తేలాలంటే తల్లి ఉమ్మి కావాలి. పరీక్ష చెయ్యడానికి వచ్చిన నోరాదేమో అమెరికా.

"నలభై ఏళ్లు ఎదురుచూశావు కదవ్వా!"

"చూశాను. మా ఊరిమీదికొచ్చిన హెలికాప్టరు ఆ సైన్యానికి ఎవరిచ్చారు? మీవాళ్లు కాదూ? చంపించిందీ మీరే, ఎముకలు ఏరేదీ మీరేనా?"

అవ్వ నడుముకు కట్టుకుని నేసే మగ్గం పట్టీ బిగించుకుంది. మగ్గం మీదున్నది కూతురితోపాటు మట్టిలో పెట్టాల్సిన రవిక. ఎముకలు దొరికేదాకా చివరి బెత్తెడు నెయ్యనని ఒట్టు పెట్టుకుంది.

నోరా నేలమీద చతికిలబడింది.

"మేం అక్కడి ఆదివాసులం, అవ్వా. ఆ దేశం ముందు చంపింది మమ్మల్నే. మా అమ్మమ్మ చెల్లెల్ని ఏడేళ్లప్పుడు సర్కారు బడికి లాక్కుపోయారు. మళ్లీ రాలేదు. ఆ బడి వెనక పేర్లు లేని గోతుల్లో ఇంకా వెతుకుతున్నాం."

అవ్వ నడుము పట్టీ వదులు చేసి నోరావైపు తిరిగింది.

"ఆ మాట ముందే చెప్పొద్దటే, మొద్దూ!" అంటూ నోరు తెరిచింది.

నోరా పుల్లను సీసాలో పెట్టేసరికి, అవ్వ దూలానికి వేలాడుతున్న ఎర్రనూలు కిందికి దించింది.

"వాళ్లు ఎంత లోతున పాతినా సరే, మనం తవ్వుదాం. మీ అమ్మమ్మ చెల్లెలు ఎంత పొడుగుండేది?"

ఏడేళ్ల పిల్ల ఇంతెత్తుంటుందని నోరా నేలనుంచి చెయ్యి చూపింది. ఆ చేతిదాకా అవ్వ జానలతో కొలుచుకుంది.