విరిచి చూడాల్సిన ముక్కలు

లెక్కల మాస్టారి భార్యకు మొగుడి మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. కొందరు మొగుళ్లు ఇంట్లోకి బురద తెస్తారు. ఈయన విమానం తెచ్చారు.

అదీ ఒక్కసారిగా కాదు. సొంత చేతులతో కట్టడానికి, రెండేళ్లుగా విడతలు విడతలుగా. అల్యూమినియం గొట్టాలు మంచం కింద, రెక్కకు చుట్టే గుడ్డ బట్టల బీరువాలో, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చెక్క రెక్క. వంటింట్లోకి వెళ్లాలంటే ఆవిడ దాని కింద నుంచి వంగి వెళ్లాలి.

"నడుము పట్టేస్తోందండీ."

"వ్యాయామం అనుకో," అనేవారు మాస్టారు.

విమానానికి పనికొచ్చే తేలికపాటి చెక్క ఆ ఊళ్లో దొరికేది ఒక్క టింబర్ డిపోలోనే. ముడి లేని పలక కోసం మాస్టారు డిపో చుట్టూ తిరిగిన తిరుగుడు, పెళ్లికి ముందు ఆవిడ ఇంటి చుట్టూ కూడా తిరగలేదు.

ఆ ఆదివారం ఆఖరి విడత ప్లైవుడ్ వచ్చింది. తెచ్చింది డిపోలో పనిచేసే ముసలాయన. పలకలు దింపి, మంచినీళ్లు తాగి, వెళ్లకుండా షోకేసు ముందు నిలబడ్డాడు. అందులో కప్పులుండాల్సిన చోట చిన్న చిన్న చెక్క ముక్కలున్నాయి.

"ఇవేంటమ్మాయీ?"

"నమూనాలు బాబాయిగారూ. రెక్క అతికించిన ప్రతిసారీ అదే చెక్కతో, అదే జిగురుతో ఒక చిన్న ముక్క కూడా అతికించాలట."

"అతికించి?"

"ఆరాక విరిచి చూడాలట. ఈయనకి చేతులు రాలేదు. తారీఖులేసి మరీ దాచుకున్నారు."

ముసలాయన ఒక ముక్క తీసుకుని మోకాలికి ఆనించి వంచాడు. టప్పున రెండయింది.

మాస్టారు గదిలోంచి ఒక్క అంగలో వచ్చారు.

"ఏమయ్యా, ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

"ఇది చూడండి మాస్టారూ. చెక్క విరగలేదు, అతుకు ఊడింది. మంచి అతుకైతే చెక్క విరిగినా అది నిలబడుతుంది. మీరు జిగురు ఆరేదాకా పట్టి ఉంచే క్లాంపులు మరీ బిగించారు. జిగురంతా పక్కలకి కారిపోయింది."

"పుస్తకంలో చెప్పినదాని కన్నా రెండు చుట్లు ఎక్కువే తిప్పాను. గట్టిగా బిగిస్తే గట్టిగా అతుక్కుంటుంది. ఆ మాత్రం నాకు తెలీదా?"

"అందరికీ తెలిసిందే. అందుకే అందరూ ఇదే పొరపాటు చేస్తారు. రెక్క విప్పి మళ్లీ కట్టండి."

"ఎనిమిది నెలల పనయ్యా అది. నువ్వు చెక్కలు దింపడానికొచ్చావా, నాకు పాఠం చెప్పడానికొచ్చావా?"

"ఎక్కేది మీరేనా?"

"నేనే. వచ్చే నెల విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెడతాడు. ఆ మర్నాడే ఎక్కుతాను."

ముసలాయన ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మాయీ."

మాస్టారు తలుపు బార్లా తీసి పట్టుకున్నారు. ముసలాయన గుమ్మం దిగగానే డిపోకి ఫోన్ చేసి, ఆ మనిషిని ఇంకెప్పుడూ మా ఇంటికి పంపొద్దని చెప్పేశారు.

మర్నాడు మాస్టారు బడికెళ్లారు. ఆవిడ షోకేసు తెరిచింది. ఒక్కో ముక్కనీ తలుపు సందులో ఇరికించి వంచింది. మొదటిది విరుస్తున్నప్పుడు కొంచెం భయం వేసింది. నాలుగోది వచ్చేసరికి చెయ్యి తిరిగింది. ఏడోది వచ్చేసరికి భయం మళ్లీ వచ్చింది, ఈసారి వేరే రకంగా.

సాయంత్రం మాస్టారు వచ్చేసరికి భోజనాల బల్ల మీద కంచం లేదు. ముక్కలున్నాయి, తారీఖుల వరసలో.

"ఏమిటిది?"

"పద్నాలుగు విరిచాను. పదకొండు అతుకు దగ్గరే ఊడాయి. మార్కులేయడం నాకు రాదు, మీరే వేసుకోండి."

మాస్టారు ఒక్కోటీ తిప్పి చూశారు. ఆవిడ తెచ్చి పెట్టిన కాఫీ చల్లారిపోయింది. ఆయన లేచి రంపం తెచ్చుకున్నారు.

"ఆ బాబాయిగారికి ఒక మాట చెప్పి రాకూడదూ?"

"వెళ్తాలే. ముందు రెక్క పూర్తి కానీ."

రెక్క పూర్తయ్యేసరికి ఆరు నెలలు పట్టింది. ఈసారి పుస్తకం క్లాంపు ఎంత తిప్పమంటే అంతే తిప్పారు. ముక్కలు విరిచే పని ఆవిడ తీసుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఇంత ఇష్టంగా చేసిన ఇంటిపని ఇంకోటి లేదు. ప్రతిసారీ చెక్కే విరిగింది. ఒక్క అతుకూ ఊడలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రెక్కను గోటితో కొట్టి విన్నాడు. విరిగిన ముక్కలు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"చాలామంది వీటిని దాచుకుంటారు. విరవమని మీకెవరు చెప్పారు?"

"టింబర్ డిపోలో పనిచేసే బాబాయిగారండీ," అంది ఆవిడ. "మోకాలికి ఆనించి విరిచి చూపించారు."

ఇన్‌స్పెక్టరు చేతిలో ముక్కని మెల్లగా కింద పెట్టాడు.

"ఆయన పోయి నెలన్నర అయిందమ్మా."

మాస్టారు రెక్క పట్టుకుని నిలబడిపోయారు.

"ఆయన్ని గుమ్మంలోంచి పంపేశాను," అన్నారు. "చెప్పింది నిజమని తెలిశాక కూడా వెళ్లలేదు. ఆయన లేకపోతే నేనీపాటికి ఉండేవాణ్ణి కాదు. తప్పు నాదేనండీ."

ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టి పెన్ను మూశాడు.

"నాకు ముందు ఈ ఉద్యోగంలో ఉండి ఈ సంతకం పెట్టింది ఆయనే మాస్టారూ. ఒకసారి, కట్టినవాడు తెలిసినవాడే కదా అని ముక్క విరిచి చూడకుండానే సంతకం పెట్టారు. ఆ విమానం కూలాక ఉద్యోగం వదిలేసి, ఈ ఊళ్లో రెక్క కట్టే ప్రతివాడూ చెక్క కోసం రాక తప్పని ఆ డిపోలో బరువులు మోయడానికి చేరారు."