దర్జీకి సెల్యూట్ పాఠం

“అది సెల్యూటా, దోమను తోలుకోవడమా?” అన్నాడు హవల్దారు, కుర్చీలోంచే కర్ర చాపి దర్జీ మోచేతిని పైకెత్తుతూ.

“మీరు చెప్పినట్టే ఎత్తాను కదండీ.”

“నేను సెల్యూట్ కొట్టమన్నాను. నువ్వు చొక్కాకి కొలతలిస్తున్నావు.”

దర్జీ నొచ్చుకోలేదు. నలభై ఏళ్ళు కుట్టుమిషను మీద వంగి వంగి కొడవలిలా తిరిగిన వీపును కాస్త సర్దుకుని, మళ్ళీ కాళ్ళు జోడించాడు. హాస్యనాటకంలో ముసలి సిపాయి వేషం దొరికిందనీ, సైనికుడి తీరు నేర్పి పుణ్యం కట్టుకోమనీ అతను ఈ డాబా మెట్లెక్కాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ముగ్గురు ముసలాళ్ళు పొద్దస్తమానం ఒకరినొకరు దెప్పుకుంటూ కూర్చోవడమే నాటకమట. “ఇందులో నవ్వడానికేముందోయ్?” అని హవల్దారు అప్పుడే తీసిపారేశాడు.

నడక వచ్చింది. తుపాకి పట్టు వచ్చింది. నేల మీద పాకడం కూడా, రెండు పంట్లాలు చిరిగాక, వచ్చింది. ఇక సెల్యూట్ ఒక్కటే బాకీ. అదీ వచ్చేస్తే దర్జీకి ఈ మెట్లెక్కే పని ఉండదు. హవల్దారుకు ఈ కుర్చీ, మోకాట్లో ఇరుక్కున్న ఇనపముక్క తప్ప తోడుండదు. అతని పటాలంలో బతికున్నది అతనొక్కడే.

“మా సుబేదారు సెల్యూట్ కొడితే అవతలి పక్క సిపాయి ఒకడు కందకంలోంచి లేచి తిరిగి కొట్టాడు. ఆనక సిగ్గుపడి కూర్చున్నాడు. గోడ మీద కాకులు కూడా కాళ్ళు జోడించాయి.”

“నిన్న ఆవులన్నారండీ.”

“ఆవులు ఇంకో యుద్ధంలో.”

డ్యూటీకి బయల్దేరుతూ కోడలు రెండు గ్లాసుల టీ తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. “పాపం, పెద్దాయన్ని ఇంకెన్నాళ్ళు తిప్పుతారు మామయ్యా?”

“బుర్రలో మట్టి ఉన్నవాడికి ఇన్నాళ్ళని ఎలా చెప్పనమ్మా?”

అప్పుడే వీధిలో లారీ టైరు ఢామ్మని పేలింది. దర్జీ అదిరిపడ్డాడు. వీపు నిటారుగా లేచింది. చెయ్యి తనంతట తానే కణత దగ్గరికి పోయి అతుక్కుంది. వంక పెట్టడానికి వెంట్రుకంత సందు లేదు.

“వచ్చేసింది మామయ్యా,” అంది కోడలు.

హవల్దారు కర్రను ఒళ్ళోకి లాక్కున్నాడు. దర్జీ మొహం తప్పు చేసి దొరికిపోయినవాడిలా పాలిపోయింది. చెయ్యి మెల్లగా దించాడు.

“చెయ్యి ఎక్కడం ఫరవాలేదు,” అన్నాడు హవల్దారు చివరికి. “దిగడమే ఏడ్చినట్టుంది. బావిలోకి చేద వదిలినట్టు వదిలావు.”

దర్జీ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. “దించడం నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందంటారు?”

“నీ వాలకం చూస్తే రెండేళ్ళు.”

“అయితే రేపు ఏడింటికి వస్తాను.”

“ఆరున్నరకే తగలడు.”

ఆ నాటకం ఆడేసి అప్పటికి ఏడాది దాటింది.